ఊరి పేరు – ఇంటి పేరు

మన యిండ్లలో పిల్లలు చుట్టములను పేర్కొను తీరును ఒకసారి గమనింతము. ఏలూరు అత్తయ్య, తెనాలి పిన్ని, బందరు బాబాయి, కర్నూలు తాతయ్య. అత్తయ్యలు ఇద్దరు ముగ్గురున్న యింట ఎవరి మాట చెప్పుచున్నారో తెలియవలెనన్న ఊరి పేరు చేర్చక తప్పదు. అయితే ఏలూరు అత్తయ్యను ఏలూరిలో నెవరును ఆ పేరుతో పిలువరు. అచ్చట నందరును ఏలూరివారే కదా! ఆమె రైలు దిగి మన గడప త్రొక్కినప్పుడే ఆ యూరి పేరు ఆమె వెంట లోనికి వచ్చును. ఊరి పేరు మనిషికి గుర్తుగా నిలువవలెనన్న ఆ మనిషి ఆ యూరు విడిచి రావలెను.

తెలుగువారి యింటిపేర్లలో ఒక పెద్ద భాగమునకు మూల మిదియే. ఇంటిపేర్లన్నియు ఊళ్ళ నుండి వచ్చినవని మేము చెప్పుట లేదు. వృత్తిని బట్టి, అధికారమును బట్టి, చెట్టుచేమలను బట్టి, పూర్వు డొకని రూపమును బట్టి వచ్చినవియు కలవు. తిక్కన సోమయాజి యింటిపేరు కొట్టరువు; అది కొఠారును తెలుపు మాట, ఆ వంశమువారు పూర్వ మెప్పుడో అట్టి యుద్యోగమున నుండిరని పండితులు ఊహింతురు. బండివారు, తోటవారు, మిరియాలవారు మన యెరుకలోనివారే. ఇంకను వెనుకకు పోయినచో ఇంటిపేరే కానరాదు. ఆదికవి నన్నయ ముద్గల గోత్రజుడని తెలియును గాని ఆయన యింటిపేరు మనకు తెలియదు. గోత్రము, తండ్రి పేరు, కొలిచిన దైవము, ఇవి యానాడు మనిషిని గుర్తించుటకు చాలియుండెను. జనులు ఊళ్ళు మారుట ఎక్కువైన కొలది గోత్రము చాలక ఊరి పేరు కావలసివచ్చినది.

ఇక ఊరి పేరు ఇంటిపేరుగా మారునప్పుడు జరుగు మార్పును చూతము. తంగుటూరు అనునది యూరు. తంగుటూరి అనునది యింటిపేరు. ఈ చివరి యక్షరములోని మార్పులో వ్యాకరణ మున్నది. తంగుటూరి ప్రకాశం అనగా తంగుటూరు యొక్క ప్రకాశము, తంగుటూరికి చెందిన ప్రకాశము అని యర్థము. ఇ, టి, తి అను నీ మూడింటిని మన వ్యాకరణకర్తలు ఔపవిభక్తికము లనిరి. ఊరు ఊరి యగును, ఇల్లు ఇంటి యగును, నూయి నూతి యగును. సూత్రము నెన్నడు వినని పసివాడు సైతము ‘ఇంటికి పోయినాడు’ అనునే గాని ‘ఇల్లుకు పోయినాడు’ అనడు. ఈ సహజమైన పలుకుబడియే మన యింటిపేర్లను తీర్చి దిద్దినది.

కందుకూరు కందుకూరి యైనది. పరుచూరు పరుచూరి యైనది. ఏటుకూరు ఏటుకూరి యైనది. కొండవీడు కొండవీటి యైనది. నాడు అను మాట నాటి యగుటచే పాకనాటివారు, వెలనాటివారు, పల్నాటివారు ఏర్పడిరి. ఇవి ఒక్క యూరిని గాక ఒక సీమను తెలుపు పేర్లు. పాడు అని ముగియు నూళ్ళ నుండి బయలుదేరినవారు పాటివా రైరి. కోనసీమలోని మోడేకుర్రు మోడేకుర్తి యైనది. వరము అని ముగియు పేర్లది మరియొక త్రోవ: అన్నవరము అన్నవరపు, తిక్కవరము తిక్కవరపు. పల్లి, పాక, పూడి, కొండ, జాడ మొదలగు మాటలతో ముగియునవి ఏ మార్పును లేక ఇంటిపేర్లైనవి. సర్వేపల్లి, తాళ్ళపాక, వెలగపూడి, గురజాడ ఇట్టివి. శ్రీరంగమువా రేల శ్రీరంగపువారు కాలేదని యెవరైన నడిగినచో మా యొద్ద సమాధానము లేదు. భాష సూత్రమునకు లోబడునంతగా ఇంటిపేరు లోబడదు.

వీనిలో మా కెక్కువ ముచ్చట గొలుపునది ఓరుగంటి. గంటి యను మాట విని గంటయో గాయమో యనుకొనువారు కలరు. అది కల్లు. కల్లనగా రాయి. తమిళమునందును కన్నడమునందును ఆ మాట నేటికిని వాడుకలో నున్నది. తెలుగున విడిగా కల్లనిన తాటి చెట్టు క్రింది కల్లే గుర్తునకు వచ్చును గాని రాయి రాదు. రాయి యను నర్థము ఊళ్ళ పేర్లలో మాత్రము దాగి మిగిలినది. ఇల్లు ఇంటి యైనట్లే ఓరుగల్లు ఓరుగంటి, మాగల్లు మాగంటి. ఓరుగల్లును సంస్కృతమున ఏకశిలానగర మనిరి. నేడు పటములపై వరంగల్ అని వ్రాయుచున్నాము. కాకతీయుల నాటి తెలుగు రూపము కావ్యములందును, శాసనములందును, ఓరుగంటి వారి యిండ్ల ముంగిటి పేరు పలకలయందును నిలిచియున్నది. మూడవది తక్కువదని మేము తలంపము.

మన యింటిపేరు పేరునకు ముందు వచ్చుటకును కారణ మిదియే. ఇది విశేషణము. తెలుగున విశేషణము ముందు నిలుచును. మరాఠీవారు ఊరి పేరునకు ‘కర్’ చేర్చి చివర నుంతురు. గోవాలోని మంగేశి గ్రామము నుండి మంగేష్కర్ వచ్చినది. కన్నడమున మన వలెనే ముందు. కుప్పళి గ్రామమునకు చెందిన పుట్టప్పగారు ఆ యూరి మొదటి యక్షరమును తీసికొనియే కువెంపు అను పేరు చేసికొనిరి. నేడు విదేశ యాత్ర పత్రములు నింపువేళ మన యింటిపేరును సర్‌నేమ్ అని వేరొక గడిలో వ్రాయించి పేరునకు వెనుకకు త్రోయుచున్నారు. తంగుటూరి యను మాట చివరకు పోయినచో దానికి అతుకవలసిన మాట లేక ‘యొక్క’ అని ఆగిపోయిన వాక్యము వలె మిగులును. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు తమ పేరు చివర నున్నది యొక యూరి పేరని యెరుగకుండుట కిదియు నొక కారణము కావచ్చును.

ఊరి పేరు ఇంటిపేరైనదన్న ఆ కుటుంబ మొకనాడు కదలినదని తెలియును. ఎంత దూరము కదలినదో చూచిన నాశ్చర్యము కలుగును. గురజాడ అప్పారావుగారు 1862లో విశాఖపట్టణ మండలమున రాయవరమున జన్మించిరి; జీవిత మంతయు విజయనగరమున గడపిరి. కన్యాశుల్కములోని పలుకుబడి ఆ సీమ పలుకుబడియే. ఆయన పేరు వినగానే ఉత్తరాంధ్రము తలపునకు వచ్చును. కాని గురజాడ కృష్ణా జిల్లాలోని గ్రామము. ఆయన పూర్వులు అచ్చటి నుండి కళింగ సీమకు తరలి వచ్చినవారు. సర్వేపల్లి నెల్లూరునకు చేరువలోని యూరు. ఆ యూరి పేరు ధరించిన రాధాకృష్ణపండితుడు 1888లో తిరుత్తణిలో జన్మించిరి. ఆ తిరుత్తణి చిత్తూరు జిల్లాలో నుండి, 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమున చేరినది. ఎల్లలు ఊరిని ఇటు నటు మార్చినవి. ఇంటిపేరు మాత్రము నెల్లూరి సర్వేపల్లినే చెప్పుచున్నది.

ఇంకను దూరము పోయినవా రున్నారు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, కావేరీ తీరమున తిరువయ్యారున బ్రతికి, 1847 జనవరి 6న అచ్చటనే సిద్ధి పొందిరి. వారి యింటిపేరు కాకర్ల. కాకర్ల యను గ్రామము నల్లమల తూర్పు చరియలో, కంభము ప్రాంతమున, అర్ధవీడునకు చేరువగా నున్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1861లో మైసూరు రాజ్యమున ముద్దెనహళ్ళిలో జన్మించిరి. మోక్షగుండ మెచ్చట నున్నది? అదియు ఆ నల్లమల తూర్పుననే, బేస్తవారిపేటకు సమీపమున. ఒకరు తమిళ దేశమున తెలుగు కృతులు రచించి సంగీతమునకు పెన్నిధి యైరి. ఒకరు కన్నడ దేశమున ఆనకట్టలు కట్టి, 1908లో మూసీనది వరద హైదరాబాదును ముంచినప్పుడు మరల నట్టి యాపద రాకుండునట్లు మార్గము చూపుటకు పిలువబడిరి. వీరిద్దరి పూర్వుల యూళ్ళు ఒకదాని కొకటి పొరుగూళ్ళని చెప్పదగినంత దగ్గర. ఇరువురును ములకనాటి శాఖవారే. ములకనా డనగా పూర్వము కడప, కర్నూలు మండలముల లోను, వాని తూర్పు ప్రక్కను విస్తరించిన సీమ. ఊరి పేరు ఒక యింటి త్రోవను చూపగా నాటి పేరు ఒక సమూహము త్రోవను చూపుచున్నది.

ఈ ప్రయాణము లేల జరిగినవి? ఒక్కొక్క కుటుంబము మాట ఎవరు చెప్పగలరు గాని దేశచరిత్ర స్థూలముగా దారి చూపుచున్నది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైనది. తరువాత విజయనగర రాజ్య మేర్పడి తుంగభద్ర నుండి కావేరి వరకు తెలుగు నాయకులకు, వారి వెంట సైనికులకు, కరణములకు, పండితులకు, చేతిపనుల వారికి కొలువులు కల్పించినది. తంజావూరును 1532 నుండి 1673 వరకు ఏలిన నాయక రాజులు తెలుగువారు. పిమ్మట వచ్చిన మరాఠా ప్రభువుల కాలమునను అచ్చట సంగీత సాహిత్యములకు తెలుగు ప్రధాన భాషయే. అగ్రహారములు దానమిచ్చిన చోటికి కొందరు పోయిరి. కరవునకు తాళలేక కొందరు పోయిరి. కొలువు దొరకి కొందరు పోయిరి. వెనుకకు వచ్చినవారు తక్కువ. తమిళ దేశమున నాలుగు వందల ఏండ్లు కాపురముండి, వీధిలో అరవమును, ఇంట తెలుగును పలుకుచు, కృష్ణా తీరపు పల్లె పేరును ఇంటిపేరుగా నిలుపుకొన్న కుటుంబములు నేటికిని కలవు. ఆ యూరు తూర్పున నున్నదో పడమట నున్నదో వారి కెరుక లేకపోవచ్చును. ఇంగ్లీషువారి పద్ధతిలో పేర్లు కుదించుట మొదలైన తరువాత అదియును ఒక్క యక్షర మైనది. ఎస్. రాధాకృష్ణన్, ఎం. విశ్వేశ్వరయ్య. సర్వేపల్లి యంతయు ఎస్ లో నిమిడిపోయినది. మోక్షగుండము ఎం లో నిమిడిపోయినది.

ఇచ్చట నొక లోపమును చెప్పక తప్పదు. ఇంటిపేరు తండ్రి త్రోవను మాత్రమే వ్రాసి పెట్టిన లెక్క. మన ఆడువారికి పెండ్లితో ఇంటిపేరు మారును. ఒక తరమున ఇల్లు కదలని వంశమునందు కూడ ప్రతి తరమున నొక స్త్రీ ఊరు విడిచి వచ్చినదే, ఒక స్త్రీ ఊరు విడిచి పోయినదే. తల్లి యూరు, అమ్మమ్మ యూరు, ఆమె తల్లి యూరు ఏ యింటిపేరునను మిగులవు. రెండు తరములు గడచిన యింట అడిగి చూచిన, పెరటిలోని కరివేపచెట్టు ఎవరు నాటినదో చెప్పుదురు గాని నాటిన యామె ఏ యూరి యాడబడుచో చెప్పలేరు. అందుచేతనే, మొదట చెప్పిన ఏలూరు అత్తయ్య, తెనాలి పిన్ని యను పిలుపులు మాకు విలువైనవిగా తోచినవి. ఇంటిపేరు విడిచిన రాకపోకలను అవి కొంతవరకైన నోటి మీద నిలుపుచున్నవి.

ఇంటిపేరు చరిత్రకు సాక్ష్యము చెప్పునని విన్నంతనే తొందరపడి తీర్పు చెప్పువారు బయలుదేరుదురు. ఇందుకు పోతన కథయే చాలును. భాగవతము తెనిగించిన మహాకవి యింటిపేరు బమ్మెర. బమ్మెర యను గ్రామము తెలంగాణమున పాలకుర్తికి చేరువగా నేటికిని ఉన్నది. ఓరుగల్లు అక్కడికి దూరము కాదు. పోతన తాను ఏకశిలానగరమునకు మరలి వచ్చినట్లు భాగవత పీఠికలో చెప్పుకొన్నాడు. ఏకశిలానగర మనగా ఓరుగల్లే యని ఒక పక్షము. కడప మండలమున ఒంటిమిట్టకును ఆ పేరు కలదు. అచ్చటి కోదండరామాలయమున మూలవిగ్రహములు ఒకే శిలలో మలచినవి. అందుచే పోతన ఒంటిమిట్టవాడని రెండవ పక్షము. ఇరు ప్రక్కల పండితులు వ్రాసిన దంతయు పేర్చిన భాగవతము కంటె పెద్ద గ్రంథ మగునేమో. 2014లో రాష్ట్రము రెండైనది. భద్రాచలము తెలంగాణమున నుండుటచే 2015 నుండి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వారు శ్రీరామనవమి కల్యాణోత్సవమును ఒంటిమిట్టలో జరుపుచున్నారు. దానితో పాత వాదమునకు క్రొత్త యూపిరి పోసినట్లైనది.

బమ్మెర గ్రామ మున్నది గనుక పోతన ఓరుగల్లువాడే, వాదము తీరినది అనువారున్నారు. ఆ తర్కము చాలదని మేము నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. అదే తర్కమును కాకర్లకు పట్టించి చూడుడు: కాకర్ల గ్రామము కంభము సీమలో నున్నది గనుక త్యాగరాజస్వామి కంభము సీమవాడని చెప్పవలసివచ్చును. గురజాడ అప్పారావుగారిని కృష్ణా జిల్లా కవి యని చెప్పవలసివచ్చును. ఇంటిపేరు పూర్వులు ఎచ్చట నుండి వచ్చిరో చెప్పును. మనిషి యెచ్చట బ్రతికెనో చెప్పదు. సరిగా చూచిన బమ్మెర యను పేరు ఆ వంశము ఒకనాడు బమ్మెరను విడిచినదనియే చెప్పుచున్నది. విడిచి ఓరుగల్లునకు పోయి యుండవచ్చును, కడపకును పోయి యుండవచ్చును.

అయినను మా మొగ్గు ఓరుగల్లు వైపునకే. అందుకు కారణము ఒక్క బమ్మెర కాదు. రాచకొండ ప్రభువైన సర్వజ్ఞ సింగభూపాలునితో పోతనను ముడివేయు సంప్రదాయము బలమైనది. భోగినీ దండకము ఆ ప్రభువును గూర్చి పోతన వ్రాసినదని ప్రసిద్ధి. రాచకొండ తెలంగాణమున నున్నది. ఇన్ని పేర్లు ఒకే సీమను చూపునప్పుడు ఒక్కొక్కటి విడిగా చాలకపోయినను కలిసి బరువు తూగును. రేపు ఒంటిమిట్ట ప్రాంతమున పోతన నాటి శాసన మేదైన దొరకి అందు బమ్మెరవారి పేరు కనబడిన, మేము మా మొగ్గును మార్చుకొందుము.

భాగవతమున శిథిలమైన భాగములను పూరించినవారిలో వెలిగందల నారయ యొకడు. ఈయన యింటిపేరు మరియొక చిక్కును చూపును. కరీంనగరము ప్రక్కనున్న ఎల్గందుల కోట మనలో పలువురు చూచినదే. ఆ యూరి పాత పేరు వెలిగందుల. కనిగిరి ప్రాంతమునను వెలిగండ్ల యను నూరు కలదు. పటము తెరచి మొదట కనబడిన యూరిపై వ్రేలుంచి ‘ఇదియే’ అనుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును. కందుకూరును అట్టిదే. కోస్తాలోని కందుకూరు ప్రసిద్ధము. హైదరాబాదు సమీపమున రంగారెడ్డి జిల్లాలో మరియొక కందుకూ రున్నది. మన పూర్వులు చెట్టు పేరు, చెరువు పేరు, రాతి పేరు పెట్టి ఊళ్ళు కట్టుకొనిరి. వేప లేని సీమ లేదు, రాయి లేని సీమ లేదు. ఒకే పేరుగల యూళ్ళు పది చోట్ల పుట్టుటలో వింత యేమున్నది?

దీని నుండియే మరియొక మాట వచ్చును. ఇంటిపేరు కలిసినవారందరు దాయాదులు కారు. ఒక యూరి నుండి బ్రాహ్మణుడు పోయినాడు, కాపు పోయినాడు, సాలెవాడు పోయినాడు. ముగ్గురికిని క్రొత్త యూరిలో ఆ పాత యూరి పేరే అంటుకొన్నది. అందుచే ఒకే యింటిపేరు వేరు వేరు కులములయందు కనబడుట సహజము. దీనిని చూచి కొందరు చిన్నబుచ్చుకొందురు. కొందరు తమ పేరునకు పౌరాణిక కథ కట్టి తామే యసలువారమని చాటుదురు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతయు గబ్బిలాల కంపు అను సామెత పుట్టినది ఇట్టి గొప్పలను చూచియే కాబోలు. కుల భేదము లేక ఒక పల్లె పేరును అందరును మోసికొని పోయిరనుట మాకు చిన్నతనముగా తోచదు.

మీ యింటిపేరు ఏ యూరిదో తెలిసికొనగోరువారికి ఒకటి రెండు మాటలు. మొదట చివరి యక్షరమును వెనుకకు త్రిప్పుడు. రి యున్న రు చేయుడు, టి యున్న డు చేసి చూడుడు, గంటి యున్న గల్లు చేసి చూడుడు. అప్పుడు దొరకిన పేరుగల యూళ్ళన్నింటిని వ్రాసికొనుడు, ఒక్కదానితో తృప్తి పడకుడు. తరువాత పటమును మూసి ఇంటి పెద్దల నడుగుడు. పిల్లల పుట్టువెంట్రుకలు ఏ దేవుని కిత్తురు? పెండ్లికి ముందు ఏ ఇలవేలుపును కొలుతురు? తరములు గడచినను, భూములు చేయి మారినను, ఇలవేలుపును మార్చుకొన్న యిండ్లు అరుదు. మూడు వందల మైళ్ళ యవతల నున్న ఒక చిన్న గుడికి ఏల పోవలెనో తెలియకయే తాతగారు పోయిరి, తండ్రిగారు పోయిరి, మనము కారులో పోవుచున్నాము. ఆ గుడియు, ఆ యూరి పేరును ఒక సీమలో కలిసినచో జాడ దొరకినట్లే.

ఈ పని కొంత త్వరగా చేయవలసిన పని. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు, 1981 ప్రాంతమున, కృష్ణ కిరుగడల సుమారు నూరు గ్రామములు ఖాళీ యైనవి. నీట మునిగిన యూరు ఇంటిపేరుగా గలవారు ఇక మీద పటములో వెదకినను దాని జాడ కానరు. పెద్ద నగరముల ప్రక్క పల్లెలు పేటలై, కాలనీలై పాత పేరు మాసిపోవుచున్నవి. ఊరు పోయి పేరు మిగిలిన చోట, ఆ పేరు గలవారి యిల్లే ఆ యూరికి మిగిలిన చిరునామా.

ఊరి పేరు మనిషికి వచ్చునట్లే మనిషి పేరు ఊరికి పోవుటయు మన దేశమున పాత మాటయే. ఫలానావారి పాలెము, ఫలానావారి పల్లె, ఫలానావారి గూడెము అని మన పటముల నిండ నున్నవి. ఒక యూరు విడిచి ఆ యూరి పేరుతో వచ్చినవారు, అడవి కొట్టి పొలము చేసి నాలుగు గుడిసెలు వేసికొన్నచో, ఆ గుడిసెల చోటికి వారి యింటిపేరే పేరైనది. అచ్చటి నుండి మరల నెవరైన కదలిపోయినచో ఆ పాలెమే మరియొక యింటిపేరు కావచ్చును. రాకపోకల గొలుసు ఇట్లు సాగుచునే యుండును.

తంగుటూరు ఒంగోలుకు దక్షిణమున, మదరాసు పోవు రైలుదారిలో నున్నది. తంగేడు చెట్ల మూలమున వచ్చిన పేరై యుండునని మాకు తోచుచున్నది; తంగేడు అను మాట ఊరు అను మాటతో కలియునప్పుడు తంగేటూ రగును, అది వాడుకలో తంగుటూరు కాగలదు. ఆ యూరి పేరు ధరించిన ప్రకాశం పంతులుగారు జన్మించినది తంగుటూరిలో కాదు. 1872 ఆగస్టు 23న, ఒంగోలుకు చేరువలోని వినోదరాయునిపాలెమున జన్మించిరి. అదియు నొక మనిషి పేరు మీద కట్టిన పాలెమే. ఆయన రాజమహేంద్రవరమునను మదరాసునను న్యాయవాదియై, 1946లో మదరాసు రాష్ట్రమునకును, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకును ముఖ్యమంత్రియై, 1957 మే 20న స్వర్గస్థులైరి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములు కలిపి ఒంగోలు జిల్లా నేర్పరచిరి. 1972లో దానికి ప్రకాశం జిల్లా యని పేరు మార్చిరి. తంగుటూరు ఆ జిల్లాలోని యూరే. ఇప్పుడు ఆ యూరివారికి ఉత్తరము వ్రాయువారు మొదట తంగుటూరు అని వ్రాసి, క్రింది పంక్తిలో ప్రకాశం జిల్లా యని వ్రాయుదురు.